ఒకే స్టార్టర్‌కి నాలుగు కేటపుల్ట్‌లు

తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోతే రొయ్యల చెరువు ఏమవుతుందో భీమవరం నుంచి అమలాపురం దాకా ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అది. అందుకే దెబ్బ తిన్న రైతు నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లన్నీ ఒకే స్టార్టర్‌కి కలపడు. ఒక మోటారు కాలినా మిగతావి తిరగాలి. కాలినదాన్ని విప్పాలంటే దాని లైను ఒక్కటీ ఆపితే చాలాలి. ప్రపంచంలోకెల్లా ఖరీదైన యుద్ధనౌకను కట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పులో కాలేశారు. మూడో విమాన వాహక నౌక గురించి మన దేశంలో చర్చ నడుస్తున్నందున ఆ తప్పును కాస్త దగ్గరగా చూడాలి.

అమెరికా 2017 జులై 22న నౌకాదళంలో చేర్చుకున్న విమాన వాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ ఖరీదు దాదాపు 1,300 కోట్ల డాలర్లు. అందులో అతి పెద్ద మార్పు డెక్ మీంచి విమానాన్ని విసిరే యంత్రంలో, అంటే కేటపుల్ట్‌లో వచ్చింది. పాత నౌకల్లో ఆ పని ఆవిరిది. డెక్ కింద రెండు పొడవాటి సిలిండర్లు, వాటిలో పిస్టన్లు, పైన విమానం ముందు చక్రానికి తగులుకునే షటిల్ ఉంటాయి. ఆవిరి వదిలితే 90 మీటర్లకు అటూ ఇటూగా, రెండు మూడు సెకన్లలో విమానం గాలిలో ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, విమానం బరువును బట్టి ఎంత ఆవిరి వదలాలో ముందే లెక్కకట్టుకోవాలి. షటిల్ కదిలాక దిద్దుకునే వీలు లేదు. మొదటి కుదుపు గట్టిగా తగిలి విమానం చట్రం అలసిపోతుంది. తేలికపాటి డ్రోన్‌ను దాంతో విసరడం కష్టం.

ఫోర్డ్‌లో ఆవిరి బదులు విద్యుదయస్కాంత కేటపుల్ట్ పెట్టారు. చెరువు గట్టు మీద మోటారులో తీగచుట్లుండే కదలని భాగాన్ని, అంటే స్టేటర్‌ను నిలువునా కోసి, చుట్టిన చాప విప్పినట్టు పొడుగ్గా పరిస్తే ఎలా ఉంటుందో ఈ లీనియర్ మోటారు అలా ఉంటుంది. షటిల్ ఎక్కడుందో, ఎంత వేగంలో ఉందో క్షణక్షణం కొలుస్తూ కరెంటును అప్పటికప్పుడు సర్దుతుంది. తోపు మొదటి నుంచి చివరిదాకా దాదాపు సమంగా ఉంటుంది. బరువైన యుద్ధ విమానానికైనా, చిన్న డ్రోన్‌కైనా అదే యంత్రం. ఇంజనీరింగ్ పరంగా ఇది గొప్ప మెట్టే, సందేహం లేదు.

దీనికి ఎంత కరెంటు కావాలన్న లెక్క చాలామంది ఊహించేలా ఉండదు. ఒక్కసారి విసరడానికి విమానానికి అందే గరిష్ఠ శక్తి 122 మెగాజూళ్లు, అంటే సుమారు 34 యూనిట్లు. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్ ఒక రోజంతా తిరిగితే కాలేది దాదాపు అంతే. కాకపోతే ఇక్కడ ఆ 34 యూనిట్లూ మూడు సెకన్లలో దిగిపోవాలి. ఆ మూడు సెకన్లపాటు 40 మెగావాట్లు కావాలన్నమాట. మన విక్రాంత్‌లోని జనరేటర్లన్నీ కలిపి ఇచ్చేది 24 మెగావాట్లు. అందుకే కేటపుల్ట్‌ను నేరుగా జనరేటర్‌కు కలపరు. పాత రైస్ మిల్లుల్లో ఆయిల్ ఇంజను పక్కన తిరిగే బరువైన ఫ్లైవీలు గుర్తుందా? అదే సూత్రంతో, తిరిగే బరువుల్లో శక్తిని కూడబెట్టి ఒక్కసారిగా లాగేసుకుంటారు. మళ్లీ నిండడానికి 45 సెకన్లు. నష్టాలు వదిలేసినా, ఒక్క కేటపుల్ట్‌ను నింపుతూ ఉండటానికే విక్రాంత్ మీది మూడు మెగావాట్ల జనరేటర్ ఒకటి దాదాపు పూర్తిగా దానికే అంకితం.

ఇక తప్పు జరిగిన చోటు. ఫోర్డ్ మీది నాలుగు కేటపుల్ట్‌లకూ ఈ శక్తి నిల్వ యంత్రాలు, కరెంటు మార్చే ఇన్వర్టర్లు ఉమ్మడివి. ఒక కేటపుల్ట్‌లో భాగం పాడైతే దాన్ని విడిగా ఆపి, మిగతా మూడింటితో విమానాలు పంపుతూ బాగుచేయడం తేలిక కాదు. తిరిగే యంత్రాలు నిలిచేసరికే గంటన్నర పడుతుందని పెంటగాన్ పరీక్షల విభాగం చెప్పింది. 2020 జూన్‌లో ఈ వ్యవస్థ మొత్తం అయిదు రోజులు పడకేసింది. పెద్ద లోపం లేకుండా సగటున 4,166 సార్లు విసరాలన్నది నిబంధన. అదే విభాగం 2020 నివేదిక ప్రకారం 3,975 ప్రయోగాల్లో తేలిన సగటు 181. దిగే విమానాన్ని తీగతో పట్టి ఆపే కొత్త అరెస్టింగ్ గేర్ సంగతి ఇంకా అధ్వానం: 16,500 అనుకున్నచోట 48.

బాంబుల లిఫ్టులది మరో కథ. మొత్తం 11. తాళ్ల బదులు ఇవీ అయస్కాంత మోటార్లతోనే నడుస్తాయి. పాత లిఫ్టు 10,500 పౌండ్లు మోస్తే ఇవి 24,000 పౌండ్లు, అదీ ఒకటిన్నర రెట్ల వేగంతో. నౌక సేవలో చేరిననాటికి ఒక్కటీ పనిచేయలేదు. ఆఖరిది చేతికొచ్చింది 2021 డిసెంబరులో. కేటపుల్ట్‌ను కనీసం న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో నేల మీద కట్టి, 2010లోనే యుద్ధ విమానాన్ని విసిరి చూశారు. లిఫ్టులకు ఆ భాగ్యం కూడా లేదు. వాటికి నేల మీద పరీక్షా కేంద్రం నౌక చేరాకగానీ రాలేదు. కొత్త పరికరాలను రెండు మూడు నౌకల్లో విడతలుగా పెట్టాలన్న తొలి ఆలోచనను 2002లో పక్కనపెట్టి, అన్నీ ఒకే నౌకలో కుక్కడమే ఇన్ని చిక్కులకూ మూలం. మరుగుదొడ్ల గొట్టాలను కూడా వదల్లేదు. కొత్త వాక్యూమ్ పద్ధతి మాటిమాటికీ పూడుకుపోతుంటే, ఒకసారి యాసిడ్‌తో కడగడానికి నాలుగు లక్షల డాలర్లవుతోందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క తేల్చింది.

నిజం ఒప్పుకోవాలి, ఆ నౌక ఆ తర్వాత నిలదొక్కుకుంది. 2023 మే నుంచి 2024 జనవరి దాకా ఎనిమిది నెలలు సముద్రం మీద పనిచేసింది. చైనా తన విమాన వాహక నౌక ఫుజియాన్‌ను 2025 నవంబరులో సేవలోకి తెచ్చింది. ఫోర్డ్‌కు ఉన్నట్టు దానికి అణు రియాక్టర్ లేదు, అయినా మూడు విద్యుదయస్కాంత కేటపుల్ట్‌లున్నాయి. కాబట్టి ఈ దారి మనకు వద్దనడం మా ఉద్దేశం కాదు.

మన అవసరమూ నిజమైనదే. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలో చేరిన విక్రాంత్‌కు కేటపుల్ట్ లేదు. విమానం తన ఇంజను బలంతోనే పరుగెత్తి, 14 డిగ్రీలు పైకి లేచిన ముక్కు మీదుగా ఎగరాలి. వేసవిలో బంగాళాఖాతం మీది వేడి, తేమ గాలిలో ఇంజను తోపు తగ్గుతుంది. ఎదురుగాలి లేనిరోజు నౌక తన 28 నాట్ల వేగంతోనే ఆ గాలిని పుట్టించుకోవాలి. ఆ మేరకు ఇంధనమో, ఆయుధాలో తగ్గించక తప్పదు. దూరాన్ని కనిపెట్టే బరువైన రాడార్ విమానాన్ని అక్కడి నుంచి ఎగరేయలేం గనక హెలికాప్టర్‌తో సర్దుకుంటున్నాం. 2025 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్న రఫేల్ మెరైన్ యుద్ధ విమానాలకూ ఇదే హద్దు.

   1971 యుద్ధంలో, ఇదే పేరున్న పాత నౌక విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలితే, దాన్ని పక్కనపెట్టి మిగతా మూడింటితోనే కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీదికి విమానాలు పంపారు. వేగం తగ్గింది, పని ఆగలేదు. ఒకటి పాడైతే దాన్నొక్కదాన్నే పక్కకు తప్పించగలిగే అమరిక ఉండబట్టే అది సాధ్యమైంది.

తేలికపాటి తేజస్ నౌకా రూపాన్ని మనవాళ్లు ముందు గోవాలోని నేల మీది డెక్‌పై దింపి, ఎగరేసి, 2020 జనవరిలోగానీ మన మరో విమాన వాహక నౌక విక్రమాదిత్య మీదికి తీసుకెళ్లలేదు. కేటపుల్ట్‌కూ అదే వరస పాటించాలి. ముందు నేల మీద పూర్తి పొడవున ఒక ట్రాక్ కట్టాలి. ఇనుప బండ్లను వేలసార్లు విసిరి, ఉప్పుగాలిలో ఏ కనెక్టర్ ముందు తుప్పు పడుతుందో, ఏ ఇన్వర్టర్ ముందు కాలుతుందో రాసుకోవాలి. ఆ పుస్తకం నిండాకే నౌక డ్రాయింగులు ఖాయం చేయాలి. ఈలోగా కొచ్చి యార్డులో చేయి తిరిగిన పనివాళ్లను ఖాళీగా కూర్చోబెట్టకుండా, విక్రాంత్ నమూనాలోనే రెండోదానికి ఆర్డరివ్వడం తెలివైన పని. లిఫ్టులు కాస్త వెడల్పు చేయాలి, రఫేల్ మెరైన్ రెక్కలు మడవవు గదా. జనరేటర్ల గదుల్లో మరో రెండింటికి చోటు వదలాలి.

కేటపుల్ట్ టెండరు రాసే రోజు వచ్చినప్పుడు మాత్రం ఒక షరతు మొదటి పేజీలోనే ఉండాలి. ప్రతి కేటపుల్ట్‌కూ దానిదైన శక్తి నిల్వ, కరెంటును విడగొట్టే దానిదైన ఐసొలేటర్ ఉండాలి. ఒకదాన్ని విద్యుత్ నుంచి పూర్తిగా వేరుచేసి మెకానిక్ చేయి పెట్టేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందో గుత్తేదారు అంకె రాసివ్వాలి. పక్క కేటపుల్ట్ విమానాన్ని విసురుతూ ఉండగానే ఆ అంకెను నేల మీద నిరూపించి చూపాలి.