జాతీయ జెర్సీ వెనక నెల జీతం

2023 సెప్టెంబర్ 3న బ్రస్సెల్స్‌లో మహిళల యూరోపియన్ వాలీబాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఒక పక్క టర్కీ, ఇంకో పక్క సెర్బియా. టర్కీ కోచ్ డానియెలె సాంతరెల్లి ఇటలీవాడు. ఏడాది ముందు సెర్బియాను ప్రపంచ ఛాంపియన్ చేసింది అతనే. సెర్బియా కోచ్ జొవాన్ని గ్విదెత్తిదీ ఇటలీయే. 2017 నుంచి 2022 దాకా టర్కీ జట్టును నడిపింది అతను. పైగా 2008 నుంచి ఇస్తాంబుల్‌లోని వకిఫ్‌బ్యాంక్ క్లబ్బుకు అతనే కోచ్. అంటే టర్కీ సెట్టర్ (కొట్టేవాళ్లకు బంతి అందించే ప్లేయర్) జాన్సు ఓజ్‌బాయ్, మిడిల్ బ్లాకర్ (నెట్ మధ్యలో నిలబడి షాట్లు ఆపే ప్లేయర్) జెహ్రా గునెష్ ఇద్దరూ ఏడాదిలో ఎనిమిది నెలలు అతని దగ్గర ప్రాక్టీసు చేసేవాళ్లే. ఆ రోజు వాళ్లను ఓడించడం అతని పని. ఇక సెర్బియా ఆశలన్నీ మోస్తున్న తియానా బోస్కోవిచ్ అప్పటికి ఎనిమిదేళ్లుగా ఇస్తాంబుల్‌లోనే, ఎజ్జాజిబషి క్లబ్బుకు ఆడుతోంది.

ఐదో సెట్ 15-13. టర్కీ 3-2తో గెలిచింది. మెలిస్సా వర్గాస్ ఒక్కతే 41 పాయింట్లు కొట్టింది. టర్కీ మహిళలకు అదే మొదటి యూరప్ టైటిల్. రిపబ్లిక్ ఏర్పడి వందేళ్లయిన ఏడాది కావడంతో దేశమంతా సంబరాలు చేసుకుంది. ఆ గెలుపు మీద వచ్చిన వ్యాసాలు చాలా చదివాను. దేశభక్తి అన్నారు, స్త్రీశక్తి అన్నారు, రిపబ్లిక్ స్థాపకుడు అతాతుర్క్ కలలుగన్న ఆడపిల్లలు అన్నారు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ కప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ఇవి చెప్పవు. నా దృష్టిలో అది జీతంలోంచి వచ్చింది. పదేళ్లు, ఇరవై ఏళ్లు విడవకుండా, నెలనెలా ఆడపిల్లల ఖాతాల్లో పడిన జీతంలోంచి వచ్చింది.

ఈ ఆటకు ఒక క్యాలెండర్ ఉంది. అక్టోబర్ నుంచి మే దాకా క్లబ్బులది, ఆ తర్వాతి వేసవి జాతీయ జట్లది. యూరప్ ఛాంపియన్‌షిప్ ఈమధ్య కాలంలో ఆగస్టులో మొదలై సెప్టెంబర్ మొదట్లో ముగుస్తోంది. ఆ రెండు మూడు వారాలే మనకు టీవీలో కనిపిస్తాయి. ఆ ప్లేయర్లను తయారుచేసే ఎనిమిది నెలలు మాత్రం ఎవరికీ పట్టవు. డాక్టరు, ఫిజియో, జిమ్, వీడియోలు చూసి తప్పులు పట్టే మనిషి, రోజుకు రెండు పూటల సాధన, వీటన్నిటికీ ఖర్చు పెట్టేది క్లబ్బు. జాతీయ సమాఖ్య చేతికి వచ్చేసరికి ప్లేయర్ దాదాపు పూర్తిగా తయారై ఉంటుంది.

టర్కీ కథ ఎక్కడ మొదలైందో చూడండి. 2003లో అంకారాలో, సొంత ప్రేక్షకుల ముందు యూరప్ ఫైనల్ చేరి పోలండ్ చేతిలో 3-0తో ఓడింది. ఆ జట్టుకే 'నెట్ సుల్తానులు' అన్న పేరొచ్చింది. 2019లో మళ్లీ అంకారాలోనే ఫైనల్, ఈసారి సెర్బియా చేతిలో 3-2తో ఓటమి. మరో నాలుగేళ్లకు బ్రస్సెల్స్‌లో గెలుపు. ఈ ఇరవై ఏళ్ల మధ్యలో మారిందేమిటి? ఆడపిల్లల గుండెల్లో ధైర్యం 2003లోనూ ఉంది. లేనిది బలమైన లీగ్. అది ఈ మధ్యలోనే తయారైంది.

యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ విజేతల జాబితా తీస్తే విషయం తేటతెల్లమవుతుంది. 2011 నుంచి 2023 దాకా, కరోనా వల్ల ఆగిపోయిన 2020ని వదిలేస్తే, పన్నెండు టైటిళ్లు. అందులో ఎనిమిది ఇస్తాంబుల్‌కే వచ్చాయి. వకిఫ్‌బ్యాంక్ ఆరు, ఫెనర్‌బాచె ఒకటి, ఎజ్జాజిబషి ఒకటి. 2023 మేలో ట్యురిన్‌లో జరిగిన ఫైనల్‌లోనైతే రెండు పక్కలా ఇస్తాంబుల్ క్లబ్బులే ఉన్నాయి. అది జరిగిన మూడున్నర నెలలకు జాతీయ జట్టు యూరప్ గెలిచింది. ముందు క్లబ్బులు గెలిచాయి, తర్వాత దేశం గెలిచింది.

ఈ జీతాలు ఇస్తున్నదెవరు? ఒక బ్యాంకు. ఒక మందుల వ్యాపార కుటుంబం. ఫుట్‌బాల్ అభిమానుల మీద బతికే ఒక పెద్ద క్లబ్బు. ఒక విమానయాన సంస్థ. ఇటలీకి వెళ్తే ఇంకా చిన్న చిన్న ఊళ్లు, ఇంకా మామూలు వ్యాపారాలు కనిపిస్తాయి. నొవారా జట్టు జెర్సీ మీద గొర్గొంజోలా జున్ను తయారుచేసే కంపెనీ పేరుంటుంది. స్కాండిచ్చి జట్టుది సరుకు రవాణా కంపెనీ. కొనెల్యానో జట్టుకు ఆ చుట్టుపక్కల కొండల మీద పండే ద్రాక్షతో చేసే ప్రొసెక్కో వైన్ వాళ్ల అండ ఉంది. ఈ ఒక్క ఊరి జట్టు 2019, 2021 మధ్య వరసగా 76 మ్యాచ్‌లు గెలిచింది. జున్ను అమ్మేవాడు, సరుకు మోసేవాడు తమ ఊరి ఆడపిల్లల జట్టుకు డబ్బు పెట్టడం పరువుగా భావించే చోటు అది. నాకు ఈ విషయం ఏ ఫైనల్ కంటే కూడా ఎక్కువ ఉత్సాహాన్నిస్తుంది.

పాత చరిత్రలోనూ సూత్రం ఇదే. 1949లో ప్రాగ్‌లో మొదలైన మహిళల యూరప్ ఛాంపియన్‌షిప్‌ను 1991 దాకా పదిహేడుసార్లు ఆడితే సోవియట్ యూనియన్ పదమూడుసార్లు గెలిచింది. అక్కడ జీతమిచ్చింది ప్రభుత్వం. ఆటగత్తెలకు క్లబ్బుల్లో, సంస్థల్లో ఏదో ఒక ఉద్యోగం పేరు మీద బతుకుదెరువు ఉండేది, చేసే పని మాత్రం ఆటే. ఆ వ్యవస్థ కూలాక ఆ పని ఇటలీ వ్యాపారులు, టర్కీ బ్యాంకులు అందుకున్నాయి. జీతమిచ్చే చెయ్యి మారింది, దాంతో కప్పు వెళ్లే దారి కూడా మారింది.

దీనికి ఎదురువాదన ఉంది. టర్కీ గెలిచింది క్యూబా నుంచి తెచ్చుకున్న వర్గాస్ వల్ల, ఇందులో లీగ్ గొప్పతనం ఏముందని చాలామంది అంటారు. ఇంకొందరు సెర్బియాను చూపిస్తారు. సొంతంగా డబ్బున్న లీగ్ లేకుండానే ఆ దేశం 2011, 2017, 2019లో యూరప్‌నూ, 2018, 2022లో ప్రపంచాన్నీ గెలిచింది కదా అంటారు. రెండూ గట్టి ప్రశ్నలే. కానీ సెర్బియా ప్లేయర్లు ఎక్కడ ఆడుతున్నారో చూస్తే జవాబు దొరుకుతుంది. బోస్కోవిచ్ పద్దెనిమిదేళ్ల వయసులో, 2015లో బెల్‌గ్రేడ్ వదిలి ఇస్తాంబుల్ చేరింది. బెల్‌గ్రేడ్ క్లబ్బులు పిల్లలకు ఆట నేర్పాయి. ఆ మాట ఒప్పుకోవాలి, ఆ కోచ్‌లకు దండం పెట్టాలి. కానీ ఆమెను పదేళ్లపాటు ప్రపంచంలోనే మేటి ప్లేయర్‌గా నిలబెట్టింది టర్కీ జీతమే.

వర్గాస్ సంగతి ఇంకా స్పష్టం. ఆమె క్యూబా నుంచి వచ్చి చెక్, స్విట్జర్లాండ్ క్లబ్బుల్లో ఆడి, 2018లో ఫెనర్‌బాచెలో చేరింది. పౌరసత్వం 2021లో వచ్చింది, జాతీయ జట్టుకు ఆడే వీలు 2023లో దొరికింది. పాస్‌పోర్టు కంటే ఉద్యోగం మూడేళ్లు ముందు వచ్చిందన్నమాట. లీగే లేకపోతే ఆమె ఇస్తాంబుల్‌లో దిగేదే కాదు. అయినా ఒక్క స్టార్ ఉంటే కప్పు వచ్చేస్తుందా? స్వీడన్‌కు ఇసబెల్ హాక్ ఉంది. ఆమె షాట్‌ను ఆపగల జట్లు చాలా తక్కువ. ఆమెతో స్వీడన్ 2021 యూరప్ టోర్నీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడితో ఆగింది. హాక్ పక్కన నిలబడే మిగతా ఐదుగురిని తయారుచేసే లీగ్ స్వీడన్‌లో లేదు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. టర్కీ, ఇటలీ లీగుల్లో విదేశీ ప్లేయర్లకు హద్దులున్నాయి, కోర్టులో కొందరు స్వదేశీయులు ఉండి తీరాలి. క్లబ్బులేం చేస్తాయి? ఎక్కువ పాయింట్లు కొట్టే ఆపోజిట్ స్థానానికి, అంటే సెట్టర్‌కు ఎదురు స్థానానికి, ప్రపంచంలోని మేటి ప్లేయర్‌ను కొనుక్కుంటాయి. వకిఫ్‌బ్యాంక్‌లో ఆ చోట వరసగా డచ్ ప్లేయర్ స్లోట్యెస్, స్వీడన్ హాక్, ఇటలీ ఎగోను ఆడారు. ఎజ్జాజిబషిలో బోస్కోవిచ్. మరి సెట్టర్, మిడిల్, వెనక వరసలో బంతిని కాపాడే లిబెరో? ఆ స్థానాలు చాలావరకు టర్కీ అమ్మాయిలకే దక్కాయి. ఫలితం ఏమిటంటే, టర్కీ జాతీయ జట్టులో బ్లాక్ గోడలా తయారైంది. కెప్టెన్ ఎదా ఎర్దెమ్, జెహ్రా గునెష్ నెట్ దగ్గర నిలబడితే ఎదుటివాళ్లకు టెన్షనే. వాళ్లు ఏళ్ల తరబడి ప్రాక్టీసులో హాక్‌నో ఎగోనునో వర్గాస్‌నో ఎదుర్కొన్నవాళ్లు. ప్రాక్టీసులో రోజూ అలాంటి షాట్లు ఆపినవాళ్లకు ఫైనల్‌లో వచ్చే బంతి కొత్తది కాదు. ఆపోజిట్ స్థానంలో మాత్రం కొరత పడింది. అక్కడ ఉన్న ఎబ్రార్ కరాకుర్త్‌ను అవుట్‌సైడ్‌కు, అంటే నెట్ ఎడమ పక్క నుంచి కొట్టే స్థానానికి, జరిపి వర్గాస్‌ను నిలబెట్టారు. ఖాళీ ఎక్కడుందో, దాన్ని ఎవరు నింపారో చూస్తే లీగ్ తీరు మొత్తం కళ్లకు కడుతుంది.

ఇటలీ ఇంకో అడుగు ముందుకు వేసింది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలతో సమాఖ్యే 'క్లబ్ ఇటాలియా' అనే జట్టు పెట్టి, దాన్ని పెద్దల లీగ్‌లో ఆడించింది. పిల్లలు ఓడిపోయారు, చాలాసార్లు ఓడిపోయారు. ఎగోను, సెట్టర్ ఒర్రో, కెప్టెన్ దానెసి అందులోంచి వచ్చినవాళ్లే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఇటలీ టోర్నీ మొత్తంలో ఒక్క సెట్ మాత్రమే వదులుకుని స్వర్ణం గెలిచింది. 2025లో బ్యాంకాక్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ కూడా గెలిచింది, అది 3-2తో. ప్రత్యర్థి ఎవరో చెప్పక్కర్లేదు, టర్కీయే. రెండు పెద్ద లీగులు, రెండు ఫైనలిస్టులు.

జీతం ఇంకో పని కూడా చేస్తుంది. ఆడమనిషికి నోరిస్తుంది. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ముగిశాక నల్లజాతి ప్లేయర్ పావొలా ఎగోను ఏడ్చింది. ఇటలీలో పుట్టి, ఇటలీకి ఆడుతూ, నువ్వు అసలు ఇటాలియన్‌వేనా అన్న ప్రశ్న వినాల్సి వస్తోందని బాధపడింది, జాతీయ జట్టుకు ఇక ఆడనంది. ఆ మాట అనే ధైర్యం ఎక్కడిది? అప్పటికి ఆమె చేతిలో ఇస్తాంబుల్ క్లబ్బు కాంట్రాక్టు ఉంది. సమాఖ్య పెద్దల దయ మీద బతకాల్సిన అవసరం లేదు. ఆమె తిరిగి వచ్చింది, 2023 యూరప్ టోర్నీలో బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది, కొత్త కోచ్ వెలాస్కో వచ్చాక పారిస్‌లో అత్యుత్తమ ప్లేయర్ అయింది. ఆ గెలుపు పండగలో రోమ్‌లో గీసిన ఆమె బొమ్మ మీద ఒంటి రంగును ఎవరో గులాబీ రంగుతో కప్పేశారు. ఆ గోడ ముందు నిలబడిన ఆడపిల్లకు ఓదార్పు మాటలు ఎన్ని చెప్పినా చాలవు. సొంత సంపాదన మాత్రం ఆమెను నిటారుగా నిలబెడుతుంది. కరాకుర్త్ సంగతీ అంతే. ఆమె వ్యక్తిగత జీవితం మీద సోషల్ మీడియాలో ఏళ్ల తరబడి విషం చిమ్మారు. టోక్యో ఒలింపిక్స్‌లో టర్కీ అమ్మాయిలు చైనాను ఓడించినప్పుడు ఒక మత బోధకుడు వాళ్ల ఆటను, దుస్తులను తప్పుబట్టాడు. వాళ్లు ఆడుతూనే ఉన్నారు. ఎదా ఎర్దెమ్ 2008లో చేరిన క్లబ్బులోనే ఉండి, ముప్ఫై ఆరేళ్ల వయసులో యూరప్ కప్పు పైకెత్తింది. పెళ్లయ్యాక ఆట మానెయ్యమని అడిగే సమాజంలో, ముప్ఫై ఆరేళ్ల మహిళకు అదే ఉద్యోగం ఇంకా ఉందంటే అది మామూలు విషయం కాదు.

యూరప్ సంగతి ఇంత లోతుగా ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర కూడా ఇదే లెక్క నడుస్తోంది కాబట్టి. జాతీయ మహిళల వాలీబాల్‌లో ఏళ్ల తరబడి పెత్తనం రైల్వేస్‌ది, కేరళది. రైల్వేలో ఉద్యోగం ఉంది. కేరళలో విద్యుత్ బోర్డుకు సొంతంగా మహిళల జట్టు ఉంది. జీతం ఉన్నచోట ఆట నిలబడింది. 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ పెట్టారు, హైదరాబాద్‌కు బ్లాక్ హాక్స్ అనే జట్టు కూడా ఇచ్చారు. అది పూర్తిగా మగవాళ్ల లీగ్. అమ్మాయిల మ్యాచ్‌లు ఎవరు చూస్తారని అడిగేవాళ్లకు ఇటలీ, టర్కీ ముప్ఫై ఏళ్లుగా జవాబు చెబుతున్నాయి.

మన పల్లెల్లో వాలీబాల్ తెలియని ఊరు లేదు. హైస్కూల్ గ్రౌండ్‌లో రెండు కర్రలు పాతి నెట్ కడితే చాలు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆడపిల్లలు ఆడతారు, మండలం, జిల్లా పోటీలకు వెళ్తారు, సర్టిఫికెట్లు తెచ్చుకుంటారు. పదో తరగతి పరీక్షలు అయిపోగానే అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో నడిచే ఇంటర్ కాలేజీలో చేరుస్తాం. అక్కడ గ్రౌండ్ ఉండదు. తల్లిదండ్రుల్ని నేను తప్పుబట్టను. ఎగోను, ఒర్రో పెద్దవాళ్లతో ఆడుతూ ఓడిపోతూ నేర్చుకున్న వయసు సరిగ్గా అదే, పదహారు, పదిహేడు. ఆ వయసులో మన పిల్ల ముందు ఆటను బతుకుదెరువుగా చూపించే ఉద్యోగం ఒక్కటి కూడా కనబడదు. వాలీబాల్ జట్టుకు కావాల్సింది పద్నాలుగు మంది. సింగరేణి కానీ, జెన్‌కో కానీ, ఒక గ్రామీణ బ్యాంకు కానీ పద్నాలుగు మంది ఆడపిల్లలకు జీతాలిచ్చి, ఒక కోచ్‌ను, ఒక ఫిజియోను పెట్టుకుంటే అయ్యే ఖర్చు ఆ సంస్థల ప్రకటనల బిల్లు పక్కన పెట్టి చూడాలి. వకిఫ్‌బ్యాంక్ కూడా ఒక బ్యాంకే. అది ఈ లెక్క 1986లోనే వేసుకుని జట్టు పెట్టింది.