మీట మహాత్మ్యం

షోడశ సంస్కారాలకు పదిహేడోది తోడైంది: చక్రాల స్పీకరుకు మిక్సర్‌ను, అంటే మైకుల శబ్దాలను కలిపి పంపే పెట్టెను, కలపడం. ముహూర్తం వినాయక చవితి సాయంత్రం. ఋత్విక్కులు అపార్ట్‌మెంటు కమిటీ సభ్యులు.

ఆ స్పీకరు వెనక గోరంత మీట ఒకటి ఉంటుంది. ఒక వైపు మైక్ అనీ, రెండో వైపు లైన్ అనీ రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవకూడదని శాస్త్రం. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. మిక్సర్ శబ్దాన్ని బయటికి పంపే మెయిన్ అవుట్ నుంచి వచ్చేది దాదాపు ఒక వోల్టు; దానికి తగిన వైపు లైన్. మీట మైక్ వైపు ఉండగా ఆ వోల్టును లోపలికి తోస్తే, మిల్లీవోల్టులను వందల రెట్లు పెంచడానికి పెట్టిన సర్క్యూటు దాన్నీ అంతే శ్రద్ధగా పెంచబోయి గుడ్లు తేలేస్తుంది. ఇంత చిన్న సంగతి ముందే తెలుసుకుంటే పండగకు కళ ఏముంటుంది?

మొన్నటి చవితికి కమిటీ వారు కొత్త స్పీకరు కొన్నారు. "హలో, మైక్ టెస్టింగ్." గర్ర్. కోశాధికారి గారు బేస్ పెంచారు. గర్ర్ బలిసింది. కార్యదర్శి గారు ఎకో పెట్టారు. గర్ర్, గర్ర్, గర్ర్. మిక్సర్ మీద ఎర్రదీపం వెలగగానే శుభసూచకమని అందరూ సంతోషించారు. మూడో అంతస్తు ఇంజినీరు గారు వచ్చి, మిక్సర్ వైపు గానీ స్పీకరు వైపు గానీ చూడకుండా, "ఎర్తింగ్ సరిగ్గా లేదు" అని తీర్పు చెప్పి టీ తాగడానికి వెళ్లారు. స్పీకరు ఆన్‌లో ఉండగానే అధ్యక్షుల వారు పిన్ను పీకించారు. ఢామ్మన్న చప్పుడుకు పందిట్లో పసిపిల్లలు గుక్కపట్టారు. (స్పీకరును అందరికంటే చివర ఆన్ చేసి, అందరికంటే ముందు ఆపాలట. చాదస్తం!)

ఇదంతా జరుగుతున్నంతసేపూ హరికథ చెప్పడానికి వచ్చిన పెద్దాయన గజ్జె కట్టుకుని, చిడతలు పట్టుకుని నిలబడే ఉన్నారు. చివరికి ఆ గర్రులోనే కథ ఎత్తుకున్నారు. ముందు వరుసలో ఒకాయన పక్కాయనతో అన్నాడు: "పాపం, గొంతు పోయింది. వయసు మీద పడింది కదండీ."

పోయింది ఆయన గొంతు కాదయ్యా, మీ కళ్లు! జీవితమంతా సాధన చేసిన శ్రుతిని, మీట మీద రెండు మాటలు చదవడానికి బద్ధకించి పచ్చడి చేశారు. పైగా నింద ఆయన మీదా? సౌండు కుర్రవాణ్ణి పిలిస్తే వేలికొసతో ఆ మీట జరిపి ఉండేవాడు. అతని కూలి దండగని మానేశారు. పూలదండలకు మాత్రం లోటు లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1945లోనే వెళ్లిపోయి బతికిపోయారు.

ఆఖరికి వాచ్‌మన్ స్పీకరు మీద దుమ్ము తుడుస్తుంటే గుడ్డ తగిలి మీట లైన్ వైపు జరిగింది. చిడతల సవ్వడి విడివిడిగా, తేటగా వినిపించింది. అప్పటికి రాత్రి పది కావస్తోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా పది దాటితే లౌడ్‌స్పీకరు మోగకూడదు. చట్టమంటే గౌరవమున్న అధ్యక్షుల వారు పెద్దాయన చేతిలోంచి మైకు తీసుకుని, మిగిలిన కాసేపూ దాతల పేర్లు చదివారు. ఒక్క అక్షరం కూడా చెడకుండా వినిపించింది.