రంపం తిన్న మూడు సూతులు

48ని 4తో భాగిస్తే 12 వస్తుందని ముప్పై ఏళ్ల పాటు పిల్లలకు చెప్పాను. రాదన్నవాడి చెవి మెలిపెట్టాను. ఆ పిల్లలందరికీ ఇందుమూలంగా క్షమాపణలు చెప్పుకుంటున్నాను. 48ని 4తో భాగిస్తే 12 రాదు. కట్టెకోత మిషన్ పక్కన నిలబడి నేను కళ్లారా చూశాను.

రిటైరయ్యాక కొందరు కాశీకి పోతారు, కొందరు షుగరు చూపించుకుంటూ కాలక్షేపం చేస్తారు. నేను ఫోన్‌లో వడ్రంగం వీడియోలు చూశాను. వాటిలో గడ్డం పెంచిన కుర్రాడెవరో ఎనిమిది నిమిషాల్లో మంచం చేసేస్తాడు. చెక్క చీలదు, వేలు తెగదు, నుదుట చెమట పట్టదు. ఈ మాత్రం పనికి మేస్త్రికి కూలి ఎందుకివ్వాలని నాకు పౌరుషం వచ్చింది. గోడకూ బీరువాకూ మధ్య సరిగ్గా 36 అంగుళాల సందు ఉంది. అందులో ఆరడుగుల పుస్తకాల అల్మారా పెడతానని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను అంగీకారం కింద రాసుకున్నాను.

మొదట టింబర్ డిపోకు వెళ్లి బల్లార్షా టేకు ఎంతని అడిగాను. ఘనపుటడుగు లెక్కన చెప్పి, చేవ ఉన్న కట్టే కావాలా అన్నాడు. కట్టెకు ఉందేమో గానీ, ఆ రేటు విన్నాక నాకు లేదు. పక్క షాపులో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి కొన్నాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నాలుగడుగులంటే 48 అంగుళాలు. నిలువునా నాలుగు పట్టీలు కోస్తే ఒక్కోటి 12. రెండు పట్టీల్లో పక్క చెక్కలు, మిగతా రెంటిలో 36 అంగుళాల అరలు నాలుగు. ఈ లెక్క ఎంత ముచ్చటగా కుదిరిందంటే, ఆ కాగితానికే ఫ్రేము కట్టించి గోడకు తగిలించి ఉంటే అందరం సుఖపడేవాళ్లం.

కొలతకు కొత్త టేపు కొన్నాను. దాని కొసన ఉన్న ఇనుప కొక్కెం వదులుగా కదులుతోంది. వస్తువుల నాణ్యత ఇలా తగలడిందని నిట్టూర్చి, రెండు చుక్కలు ఫెవిక్విక్ వేసి కదలకుండా బిగించాను. కదలడమే ఆ కొక్కెం ఉద్యోగమట! చెక్క అంచుకు తగిలించి లాగితే తన మందమంత బయటికి, గోడకు ఆనించి నొక్కితే అంతే లోపలికి జరిగి లెక్క సరిచేస్తుందట. దేశంలో సక్రమంగా నడుస్తున్న ఒకే ఒక్క వదులు వ్యవస్థకు నేను క్రమశిక్షణ నేర్పాను.

మిషన్ దగ్గర కుర్రాడు షీటును బల్ల మీదికి జరిపి, నేను గీసుకొచ్చిన మూడు పెన్సిల్ గీతలు చూశాడు.

"గీత ఉంచాల్నా, తియ్యాల్నా సార్?"

నా సర్వీసులో నన్నెవరూ ఇంత లోతైన ప్రశ్న అడగలేదు. రేఖకు పొడవే గానీ మందం ఉండదని బోర్డు మీద రాసి రాసి చేతులు తెల్లబడినవాణ్ణి. లేని మందాన్ని ఉంచడమేమిటి, తియ్యడమేమిటి? అయినా అంత కష్టపడి గీసింది పోగొట్టుకోవడమెందుకని "ఉంచు" అన్నాను.

ఉంచాడు. గీత పక్కనుంచి రంపం పోయింది. రేఖకు లేకపోతే లేకపోయింది, రంపానికి మందం ఉంది. ఇంచుమించు ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అంత చెక్కా పొట్టయిపోయి నా చెప్పుల మీద రాలింది. మూడు కోతలకు మూడు సూతులు. మొదటి పట్టీ నిండుగా 12 అంగుళాలు, తక్కిన మూడూ 11 అంగుళాల 7 సూతులు. పెద్దకొడుక్కి పూర్తి వాటా, తమ్ముళ్లకు తలా ఒక సూతు కోత.

ఈ సత్యం రియల్ ఎస్టేట్ వాళ్లకు ఎప్పుడో తెలుసు. ఎకరానికి 4840 గజాలు. ఎకరం కొని ప్లాట్లు వేసినవాణ్ణి 4840 గజాలూ అమ్మమనండి చూద్దాం. రోడ్లకు పోయాయంటాడు. రోడ్డంటే భూమి మీద రంపం పోయిన దారే కదా! కాకపోతే అక్కడ పొట్టు ఖరీదు కూడా ప్లాటు కొన్నవాడి రేటులోనే కలిపేస్తారు.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడితో గోడు వెళ్లబోసుకున్నాను. అక్కడ 'టూ బై ఫోర్' అని అమ్మే కట్టెను కొలిస్తే ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే ఉంటుంది. ఆరబెట్టి చిత్రిక పట్టేసరికి అంత తరిగిపోతుంది, పేరు మాత్రం తరగదు. అభివృద్ధి చెందిన దేశమంటే అదీ. అబద్ధాన్ని ప్రమాణంగా ఒప్పేసుకుని, దాంతోనే నిశ్చింతగా ఇళ్లు కట్టుకుంటున్నారు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. భాగాహారం పాఠం కింద 'రంపం మందం వర్తిస్తుంది' అని మ్యూచువల్ ఫండ్ ప్రకటనల్లో మాదిరి చిన్న అక్షరాల్లో అచ్చువేయాలి. పొట్టు మీద హక్కు చెక్క కొన్నవాడిదేనని జీవో ఇవ్వాలి. ఆ రోజు నేను అడిగాను కూడా. కుర్రాడు ఎగాదిగా చూసి, చేతికి చీపురిచ్చాడు. నవ్వకండి. మా అమ్మ పొట్టు పొయ్యి మీద వండేది. పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగి, కింది బెజ్జంలోంచి నిప్పు పెట్టేది. పూట వంట అయిపోయేది. కట్టెలో కొంత ఎటు పోయిందని ఆవిడ ఎన్నడూ అడగలేదు. అది తన అన్నం గిన్నె కిందే ఉంది.

ఇక బిగింపు. పక్క చెక్కలకు చెరో 18 మిల్లీమీటర్ల మందం ఉంటుందని నేను లెక్కలో వేసుకోలేదు. కాగితం మీద వాటికీ మందం లేదు మరి. 36 అంగుళాల సందులో దూరాల్సిన అల్మారా 36 అంగుళాల 36 మిల్లీమీటర్లు తేలింది. ఇప్పుడది హాలు మధ్యలో ఉంది. టీవీ చూడాలంటే దాని అరల్లోంచి చూడాలి.

చివరికి మా ఆవిడే వడ్ల మేస్త్రిని పిలిచింది. చెవి మీది పెన్సిల్ కదలకుండా వంగి, చెక్క అంచు మీద బొటనవేలు రాసి చూశాడు.

"కోత మంచిగనే ఉంది సార్."

"మిషన్ మీద కోయించాను," అన్నాను గర్వంగా.

"గీత ఎవరు గీసిండ్రు?"

మా ఆవిడ టీ పెడతానని లోపలికి వెళ్లింది.