‘స్కూలు చెప్పేదాకా ఆగండి, స్కూలు చెప్పిందే నమ్మండి’ అంటున్న మెసేజీకి నా జవాబు

అమెరికాలో ఏ ఊరి బడిలో కాల్పులు జరిగినా, సాయంత్రానికల్లా మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఒకటే. స్కూలు పంపేదే అసలు సమాచారం, పిల్లలు పంపే టెక్స్టులు నమ్మొద్దు. ఆలస్యమైందంటే నిర్ధారించుకుంటున్నారన్నమాట. వివరాలు చెప్పలేదంటే చట్టం ఒప్పుకోదన్నమాట. స్కూళ్ల మీద నమ్మకం పోయిందంటే ఆ తప్పు పుకార్లది. కాబట్టి బడి దగ్గరికి పరుగెత్తకుండా ఇంట్లో కూర్చుని నమ్మండి.

పంపేవాళ్లది మంచి ఉద్దేశమే, కాదనను. కానీ ఇందులో ఒక్క ముక్క తప్ప మిగతాదేదీ జరిగిన సంగతుల ముందు నిలబడదు. ఆ ఒక్క ముక్క దగ్గరికి చివర్లో వస్తాను.

నేనుండేది మిషిగన్‌లో, ఓక్‌లాండ్ కౌంటీలో. నోవై, ట్రాయ్‌లలో మనవాళ్లం ఎంతమందిమి ఉన్నామో చెప్పక్కర్లేదు. 2021 నవంబర్ 30న కాల్పులు జరిగిన ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు ఉన్నదీ ఈ కౌంటీలోనే. నలుగురు పిల్లలు పోయారు. ఒక టీచరుతో కలిపి ఏడుగురు గాయపడ్డారు. కాల్చింది ఆ బడిలోనే చదివే పదిహేనేళ్ల కుర్రాడు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘నమ్మకం పోగొట్టింది పుకార్లే’ అంటారు.

ఆక్స్‌ఫర్డ్‌లో పుకార్లు ఉన్న మాట నిజమే. ఆ నవంబర్ మొదట్లో ఎవరో జింక తలకాయ ఒకటి తెచ్చి బడి ఆవరణలో పడేశారు. పిల్లల్లో రకరకాల మాటలు పుట్టాయి, తల్లిదండ్రులు ఫోన్లు చేశారు. 12వ తేదీన బడివాళ్లు ఉత్తరం పెట్టారు: పుకార్లు మా దృష్టికి వచ్చాయి, అన్నీ విచారించాం, బడికి గానీ పిల్లలకు గానీ ముప్పేమీ లేదు అని. సరిగ్గా పద్దెనిమిది రోజులకు కాల్పులు జరిగాయి. జింక తలకూ దీనికీ సంబంధం లేదని షెరీఫ్ చెప్పాడు కాబట్టి ఆ ఉత్తరాన్ని అబద్ధం అనను. అయినా ‘ముప్పేమీ లేదు’ అన్న ఆ మాటను తల్లిదండ్రులు మరిచిపోతారా?

అసలు దెబ్బ తగిలింది ఆ తర్వాత. డిసెంబర్ 2న స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్, అంటే అక్కడి బడులన్నిటికీ పెద్ద, వీడియోలో మాట్లాడాడు. ఆ కుర్రాడి మీద హైస్కూల్లో క్రమశిక్షణ రికార్డేదీ లేదన్నాడు. అతను ఫ్రంట్ ఆఫీసుకు వచ్చిన మాట నిజమేనని, 30వ తేదీన అతని తల్లిదండ్రులు కూడా బడికి వచ్చారని అన్నాడు. ఎందుకు వచ్చారో, లోపల ఏం జరిగిందో చెప్పలేదు. అది మర్నాడు ప్రాసిక్యూటర్ కారెన్ మెక్‌డొనాల్డ్ ఆ తల్లిదండ్రుల మీద కేసు పెడుతూ బయటపెట్టింది. ముందురోజు అతను క్లాసులో ఫోన్లో తూటాల కోసం వెతుకుతుంటే టీచరు చూసింది. 30వ తేదీ పొద్దున లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ గీసి, ఆలోచనలు ఆగట్లేదు, సాయం చేయండి అని రాసుకున్నాడు. తల్లిదండ్రుల్ని పిలిపించారు, ఇంటికి తీసుకెళ్లమంటే వాళ్లు కాదన్నారు. బ్యాగు ఎవరూ తెరిచి చూడలేదు. కుర్రాడు తిరిగి క్లాసుకు వెళ్లాడు. తుపాకీ ఆ బ్యాగులోనే ఉంది.

ఈ వివరాలతో బడివాళ్ల పొడుగాటి ఉత్తరం వచ్చింది డిసెంబర్ 4న. అంటే ప్రాసిక్యూటర్ చెప్పేశాక, ఆ మర్నాడు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ముందు ప్రాసిక్యూటర్ నోట విని, తర్వాత బడి నోట వినాల్సి వచ్చింది. ఇందులో పుకారు ఎక్కడుందో, ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్లే చూపించాలి.

‘స్కూలు పంపేదే అసలు సమాచారం, పిల్లల టెక్స్టులు కాదు.’

దీనికి టెక్సాస్‌లోని ఉవాల్డే ఒక్కటి చాలు. 2022 మే 24న రాబ్ ఎలిమెంటరీ స్కూల్లోకి హంతకుడు ప్రవేశించింది 11:33కి. 11:43కి బడి ఫేస్‌బుక్ పేజీలో ప్రకటన వచ్చింది. దగ్గర్లో కాల్పుల శబ్దం వినిపించడంతో లాక్‌డౌన్‌లో ఉన్నామని, పిల్లలూ సిబ్బందీ భవనంలో భద్రంగా ఉన్నారని, బడి దగ్గరికి రావద్దని. ఆ పది నిమిషాల్లో లోపల తరగతి గదుల్లో ఏం జరిగిపోయిందో ఇప్పుడు ప్రపంచమంతటికీ తెలుసు. పోలీసులు లోపలికి వెళ్లి అతన్ని చంపింది 12:50కి. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. మధ్యలో, 12:03 నుంచి, గదిలో ఇరుక్కున్న పిల్లలు అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి పోలీసుల్ని పంపమని బతిమాలుతూనే ఉన్నారు. ఆ గంటలో నిజం ఎవరి నోట ఉందో మీరే చెప్పండి.

‘భద్రంగా ఉన్నారు’ అన్న ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. రాసినవాళ్లకు మోసం చేసే ఉద్దేశం ఉందని నేననుకోను. తలుపులు మూశారు కాబట్టి భద్రం అనేశారు. తలుపులు మూశామన్నది వాళ్లకు తెలిసిన సంగతి, పిల్లలు భద్రంగా ఉన్నారన్నది వాళ్ల ఆశ. ఆశను సమాచారంలా పంపారు. ‘కాల్పులు వినిపించాయి, తలుపులు మూశాం, లోపల ఎవరెలా ఉన్నారో ఇంకా తెలియదు’ అని రాసినా భయం తగ్గేది కాదు. కానీ ఆ తర్వాత వచ్చే మాటను నమ్మడానికి కాస్త చోటు మిగిలేది.

అదీ అక్కడితో ఆగలేదు. పిల్లల కోసం కాచుకుని కూర్చున్న వాళ్లకు ఇంకో బస్సు వస్తోందని అధికారులు చెప్పారు. అలాంటి బస్సేదీ రాలేదు. మర్నాడు టెక్సాస్ గవర్నర్, పోలీసులు చురుగ్గా స్పందించారని మెచ్చుకున్నాడు, రెండు రోజులు తిరక్కుండానే నన్ను తప్పుదారి పట్టించారని కోపగించుకున్నాడు. ఒక టీచరు తలుపు తెరిచి వదిలేసిందన్నారు, ఆవిడ మూసిందనీ తాళమే పడలేదనీ తర్వాత తేలింది. వీటిలో ఏదీ వాట్సాప్‌లో పుట్టినది కాదు. అన్నీ మైకుల ముందు, కుర్చీలున్నవాళ్లు చెప్పినవే.

‘ఆలస్యమంటే నిర్ధారించుకుంటున్నారని.’

కొన్నిసార్లు అవును. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో మాత్రం కాదు. హాస్టల్లో ఇద్దర్ని కాల్చింది 7:15 ప్రాంతంలో. విద్యార్థులకు ఈమెయిల్ వెళ్లింది 9:26కి. అందులోనూ కాల్పుల ఘటన జరిగింది, పోలీసులు విచారిస్తున్నారు అన్నారే తప్ప కాల్చినవాడు దొరకలేదన్న మాట లేదు. పావుగంట తిరక్కుండానే నోరిస్ హాల్ అనే తరగతుల భవనంలో రెండో దాడి మొదలైంది. మొత్తం 32 మంది చనిపోయారు. సకాలంలో హెచ్చరించలేదని కేంద్ర విద్యాశాఖ ఆ విశ్వవిద్యాలయానికి జరిమానా వేసింది. ఎమ్మెస్ కోసం పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుని ఉండటం మంచిది. క్లెరీ చట్టం కింద కాలేజీలు సకాలంలో హెచ్చరించి తీరాలి, అది వాళ్లు చేసే దయ కాదు.

‘వివరాలు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు.’

ఫెర్పా అనే 1974 నాటి చట్టం గురించి ఈ మాట. విద్యార్థుల రికార్డులు బయటపెట్టకూడదంటుంది, నిజమే. ప్రాణాపాయం ఉన్న అత్యవసర పరిస్థితిలో సంబంధితులకు చెప్పొచ్చని కూడా అదే చట్టం అంటుంది. వర్జీనియా టెక్ తర్వాత 2008లో ఆ వెసులుబాటును ఇంకా స్పష్టం చేశారు. పైగా మేం ఏ నిబంధన పాటించాం, ఏది పాటించలేదు అని బడి తన గురించి తాను చెప్పుకోవడానికి ఏ పిల్లవాడి రికార్డూ అడ్డం రాదు. నోరు కట్టేసేది తరచూ ఈ చట్టం కాదు, దావాల భయం.

ఆక్స్‌ఫర్డ్‌లోనే చూడండి. స్వతంత్ర విచారణ నేను చేస్తానని రాష్ట్ర అటార్నీ జనరల్ డేనా నెస్సెల్ ముందుకొస్తే స్కూల్ బోర్డు వద్దంది. మళ్లీ అడిగితే మళ్లీ వద్దంది. చివరికి తామే గైడ్‌పోస్ట్ అనే ప్రైవేటు సంస్థను పెట్టుకున్నారు. 2022లో రాజీనామా చేసిన ఇద్దరు బోర్డు సభ్యులు, ప్రమాదాన్ని అంచనా వేసే విధానం కాగితం మీద ఉన్నా అమలు కాలేదని బయటికొచ్చి చెప్పారు. గైడ్‌పోస్ట్ తుది నివేదిక 2023 అక్టోబర్‌లో వచ్చింది, అయిదు వందల పేజీలకు పైనే. ఆ విధానాన్ని సరిగ్గా పాటించి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదని అందులో ఉంది. బడి ఉద్యోగుల్లో చాలామంది వాళ్లతో మాట్లాడటానికే ఒప్పుకోలేదు. దాదాపు రెండేళ్లు ఎదురుచూసిన తల్లిదండ్రులకు అప్పటికి అందింది ఆ మాత్రం.

ఇక నేను ఒప్పుకుంటానన్న ముక్క: బడి దగ్గరికి పరుగెత్తకండి. ఇది సరైన మాటే. కార్లన్నీ రోడ్డుకు అడ్డంగా ఆగితే అంబులెన్సు కదలదు. ఆక్స్‌ఫర్డ్‌లో పిల్లల్ని దగ్గర్లోని మైయర్ స్టోరుకు తీసుకెళ్లారు, తల్లిదండ్రులు వెళ్లాల్సింది అక్కడికి. అయితే ఎక్కడికి రావాలో చెప్పకుండా రావద్దని మాత్రమే చెబితే ఏ అమ్మ ఆగుతుంది?

మా ఇంటి సంగతి ఒకటి. కిందటి చలికాలంలో మా అబ్బాయి బడి నుంచి రికార్డెడ్ కాల్ వస్తే, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య ఎత్తారు. ఆవిడకు వినపడ్డది లాక్‌డౌన్ అన్న మాటొక్కటే. ‘మళ్లీ కరోనా వచ్చిందా ఏమిట్రా?’ అని అడిగారు. నిజానికి అది లాక్‌డౌన్ కూడా కాదు, ‘సెక్యూర్’. అంటే ముప్పు బయట ఉంది, బయటి తలుపులు వేసి లోపల పాఠాలు మామూలుగా నడుస్తాయి. లాక్‌డౌన్ అంటే ముప్పు లోపలే ఉంది, లైట్లు ఆర్పి మూలన దాక్కోవాలి. రెండింటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా. కాల్ చేసినాయన మాత్రం రెండు మాటలూ ఒకే వాక్యంలో కలిపేశాడు. ఇరవై నిమిషాలు నేను కారు తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆ నెల తల్లిదండ్రుల మీటింగులో లేచి ఒకటే అడిగాను. నిజంగా లాక్‌డౌన్ అయితే మీరు పంపే మొదటి మెసేజ్ ఎవరు రాస్తారు, అందులో ‘భద్రంగా ఉన్నారు’ అని రాసేముందు ఎవరిని అడుగుతారు అని. ప్రిన్సిపాల్ మర్యాదగా నోట్ చేసుకుని, కనుక్కుని చెప్తానన్నాడు. తర్వాత రెండు మీటింగులు అయిపోయాయి. మూడోది వచ్చే మంగళవారం. వెళ్తున్నాను.