గుర్తుపట్టలేదు, కాబట్టి తుడిచేద్దాం

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్ గుర్తించనప్పుడు తప్పంతా డిస్క్‌దేనన్న విషయంలో మనకు అరుదైన ఏకాభిప్రాయం ఉంది. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ పడాలా వద్దా అన్నదాని మీద కూడా ఇంతవరకు అలాంటిది కుదరలేదు. పెళ్లి ఫొటోలు, బారసాల వీడియో, ఇంటి దస్తావేజుల స్కాన్ కాపీలు అన్నీ ఒకే డిస్క్‌లోకి ఎక్కించి, బీరువాలో పట్టుచీరల కింద దాచిన కుటుంబం, ఏడాది తర్వాత దాన్ని లాప్‌టాప్‌కు గుచ్చి, లైటు వెలుగుతున్నా తెర మీద ఏమీ రాకపోయేసరికి, "డిస్క్ పోయింది" అని తేల్చేస్తుంది.

ముందుగా అనుమానించవలసిన కేబుల్ జోలికి మాత్రం ఎవరూ పోరు, బహుశా దాని ఖరీదు తక్కువ కావడం వల్ల. చాలా పోర్టబుల్ డిస్క్‌లకు వచ్చే మైక్రో-బి కేబుల్ కొసను ఒకసారి పరిశీలనగా చూడండి. పెద్దదొకటి, చిన్నదొకటి పక్కపక్కన అతికించినట్టుండే ఆ బల్లపరుపు ముక్క సగం దిగినా పూర్తిగా దిగినట్టే కనిపిస్తుంది; కొన్నాళ్లు బ్యాగులో నలిగాక, వేలితో కాస్త ఎత్తిపట్టుకుంటే పనిచేసి, వదలగానే మానేస్తుంది. టైప్-సి డిస్క్ ఉన్నవారు ఇంట్లో దొరికిన ఏదో ఛార్జింగ్ కేబుల్ తెచ్చి గుచ్చుతారు. చవకరకం కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలే తప్ప డేటా తీగలు ఉండవు కనుక, లైటు దేదీప్యమానంగా వెలుగుతుంది, ఒక్క ఫొటో మాత్రం రాదు.

కరెంటు సంగతీ ఇలాంటిదే. ప్రమాణాల ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇవ్వవలసింది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. లోపలి పళ్లేలను నిమిషానికి 5400 చుట్లు తిప్పే మోటారు నిద్రలేచే క్షణంలో అంతకంటే ఎక్కువే అడగవచ్చు. అటువంటి డిస్క్‌ను మౌస్, కీబోర్డ్, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ అప్పటికే వేలాడుతున్న హబ్‌కు, అంటే ఒక పోర్ట్‌ను నాలుగైదుగా పంచే డబ్బాకు తగిలించి, అది తిరగలేదని నిందించడం మన ఆనవాయితీ. సీపీయూ డబ్బా వెనక, మదర్‌బోర్డ్‌కే నేరుగా ఉన్న పోర్ట్‌లు దుమ్ముకొట్టుకుపోయి ఖాళీగానే ఉంటాయి; అయితే కుర్చీలోంచి లేచి అక్కడిదాకా వంగడం కంటే కొత్త డిస్క్ కొనడమే తేలికని భావించే గృహస్థులను నేను తప్పుపట్టను, నడుము ముఖ్యం.

ఇవన్నీ సవ్యంగా ఉన్నా విండోస్‌కు ఇంకొక పట్టింపు ఉంది. కంప్యూటర్‌కు తగిలించిన డిస్క్‌లన్నీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే ఒక్కోసారి డిస్క్ అక్కడ నిక్షేపంగా ఉంటుంది, దానికి సీ, డీ లాంటి డ్రైవ్ లెటర్ ఒక్కటే లేదు. రైట్ క్లిక్ చేసి ఒక అక్షరం ఇవ్వగానే పెళ్లివారంతా తిరిగొస్తారు. ఏ, బీ అక్షరాలను ఫ్లాపీల కోసం అట్టిపెట్టిన ఈ వ్యవస్థ, ఫ్లాపీలు గతించి ఇంతకాలమైనా, వాటిని తనంతట తానుగా మరొకరికి ఇవ్వదు. చనిపోయినవారి పేర రేషన్ కార్డు నడవడం మన దగ్గరే జరుగుతుందని బాధపడేవారు ఈ సంగతి గమనించాలి.

అన్నిటికంటే నేను ఎక్కువగా మెచ్చుకునేది మాత్రం విండోస్ అడిగే ఆ ప్రసిద్ధమైన ప్రశ్ననే: ఈ డిస్క్‌ను వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి (అంటే ఉన్నదంతా తుడిచేయాలి), చేయమంటారా? గుమ్మంలోకి వచ్చిన మనిషిని మనం గుర్తుపట్టకపోతే "మీరెవరండీ" అని అడుగుతాం. "మిమ్మల్ని పోల్చుకోలేకపోయాను, చంపేయమంటారా" అని అడిగే నిష్కపటత్వం మనకింకా అలవడలేదు. ఫైళ్లు రాస్తుండగా ఎవరో కేబుల్ పీకేయడం వల్ల ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే ఫైల్ సిస్టమ్ చెడి 'RAW' అని కనిపిస్తున్నా, విండోస్‌కు చదవడం రాని, లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతిలో డిస్క్‌ను సిద్ధం చేసి ఉన్నా, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. చదవడం రానిది తనకైనా, శిక్ష మాత్రం పుస్తకానికే వేయాలన్న ఈ ధీమా ముందు క్యాన్సిల్ నొక్కడం ఒక్కటే మనకు మిగిలిన పౌరహక్కు. 2018లో వచ్చిన విండోస్ 10 మార్పుతో కంప్యూటర్‌కు ముందుగా చెప్పకుండానే డిస్క్ తీసేయనిచ్చే 'క్విక్ రిమూవల్' మామూలు పద్ధతి అయింది కదా అని, కాపీ సగంలో ఉండగానే లాగేసే స్వేచ్ఛ కూడా వచ్చిందనుకునేవారు ఈ హక్కును తరచుగా వాడుకోవలసి వస్తుంది.

ఈలోగా ఇంటికొక నిపుణుడు చొప్పున రంగంలోకి దిగుతాడు. డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ ఆదేశం కొట్టమని బావమరిది, ఫ్రీజర్లో పెట్టమని పక్కింటాయన. మొదటిది మరమ్మతుకు దిగితే డిస్క్ మీద తానూ మార్పులు రాస్తుంది కనుక చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను త్వరగా సాగనంపగలదు. రెండోది లోపల తేమను చేర్చి పెడుతుంది. డిస్క్ ఒకే లయలో టిక్కు టిక్కుమంటుంటే చదివే హెడ్‌లు దెబ్బతిని ఉండవచ్చు; వెంటనే కేబుల్ తీసేసి, మళ్లీ గుచ్చకుండా డేటా రికవరీ చేసేవారి దగ్గరకు తీసుకెళ్లాలి. ఆ శబ్దం బాగా వినిపించాలని పదే పదే గుచ్చి బంధువులకు వీడియో కాల్‌లో చూపించేవారి ఉత్సాహం గొప్పదే గాని, దెబ్బతిన్న హెడ్ పళ్లేన్ని గీకే అవకాశం ప్రతిసారీ ఉంటుంది.

రికవరీ ఆయన డిస్క్‌ను చేతిలోకి తీసుకుని, అంచనా వేసిన ఖర్చు చెప్పేముందు, వీటికి ఇంకో కాపీ ఉందా అని అడుగుతాడు. ఉందండీ, అని కుటుంబమంతా ఒక్క గొంతుతో చెబుతుంది: అదే డిస్క్‌లో, 'బ్యాకప్' అనే ఫోల్డర్లో.