తలకు ఐదు పళ్ళు

న్యూజెర్సీ తెలుగువారి సాంస్కృతిక చరిత్ర రాసే మహానుభావులు ఇకపై బిగ్ బ్రూక్‌కు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. మాన్‌మత్ కౌంటీలో పారే చిన్న వాగది. దాని గట్టు మట్టి ఒకప్పటి సముద్రం అడుగు. వాన పడ్డప్పుడల్లా గట్టు కోసుకుపోయి, దాదాపు 7 కోట్ల ఏళ్ళనాటి సొరచేప పళ్ళు గులకరాళ్ళలో పడతాయి. వాన వెలిసిన శనివారం మనవాళ్ళు ఎడిసన్ నుంచి జల్లెడలతో బయల్దేరతారు. ఇంట్లో పిండి జల్లించమంటే నడుం పట్టేసేది వీళ్ళకే.

ఆ వాగు పారే కోల్ట్స్ నెక్ టౌన్‌షిప్ నిబంధన ప్రకారం మనిషికి రోజుకు 5 శిలాజాలే. గట్టు తవ్వకూడదు. రాసినవాళ్ళకు రేషన్ కార్డు సంగతి తెలియదు పాపం. మా బావ అక్కడికక్కడే లెక్క కట్టాడు: తను, అక్క, ఇద్దరు పిల్లలు, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తయ్య, మామయ్య. వెరసి 30. నేను కూడా వెళ్తే 35. నన్ను పిలిచింది ప్రేమ కొద్దీ కాదని అక్కడికెళ్ళాకే అర్థమైంది.

దొరికినదాన్ని గుర్తుపట్టడం అసలు విద్య. సూదిలా సన్నగా పొడుగ్గా ఉంటే గోబ్లిన్ షార్క్ పన్ను. పొట్టిగా ఉండి అంచున రంపపు కోత ఉంటే క్రో షార్క్‌ది. తేనెరంగు తుపాకీ గుండులా ఉంటే బెలెమ్నైట్, అంటే స్క్విడ్‌కు దూరపు చుట్టం ఒంట్లోని గట్టి ముక్క. మిగతావన్నీ రాళ్ళు. బావ వాటిని డైనోసార్ అంటాడు. 1858లో ఈ రాష్ట్రంలోనే, హాడన్‌ఫీల్డ్‌లో హాడ్రోసారస్ అనే డైనోసార్ దొరికింది కదా అని ఆయన వాదన. (హైదరాబాద్‌లో పన్నెండేళ్ళు ఉండి, గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరాన్ని బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్ళి ఒక్కసారీ చూడలేదు. అక్కడ టికెట్టు కొనాలి మరి.)

అనుమానం తీరకపోతే నాలుక పరీక్ష. ఎముకకు సన్నని రంధ్రాలుంటాయి గనుక, ఆరాక నాలుకకు అంటుకుంటుంది. రాయి అంటుకోదు. గుడ్డు వేసిన కేకు ముట్టని మా బావ, నల్లటి ముక్కనొకదాన్ని ప్యాంటుకు తుడిచి, కాసేపు ఎండలో ఆరబెట్టి, కళ్ళు మూసుకుని, తీర్థం పుచ్చుకున్నంత శ్రద్ధగా నాకాడు. అతుక్కుంది. అందరం చప్పట్లు కొట్టాం. శాకాహారం ఏ యుగం దాకా వర్తిస్తుందో పెద్దలెవరైనా తేల్చాలి.

ఒడ్డున మడత కుర్చీలో కూర్చున్న అత్తయ్య అంతా చూసింది.

"ఏరా, అస్థికలు ఏట్లో కలుపుతారు గానీ, ఏట్లోంచి ఏరుకుంటారుట్రా ఎవరైనా?"

"అవి ఏడు కోట్ల ఏళ్ళనాటివమ్మా!"

"అయితే మైల తీరిపోయినట్టేనా?"

బావ దగ్గర జవాబు లేదు. జల్లెడలోకి తల దించుకున్నాడు.

సాయంత్రం కారు దగ్గర లెక్క చూస్తే 30 తేలాయి. మూడుసార్లు ఎంచాడు. ప్లాస్టిక్ డబ్బాలో అత్తయ్య వాటా ఐదూ లేవు. ఆవిడ మాత్రం వాగు వైపు వీపు పెట్టి, తడిసిన చీర కుచ్చిళ్ళు తీరుబడిగా పిండుకుంటోంది.