అడవి ఈస్ట్ బేకరీ నుంచి పారిపోయిందా?

"అడవిలో చెట్ల బెరడు మీద దొరికే ఈస్ట్ వేరేదేం కాదు, బేకరీల నుంచీ వైన్ తయారీ కేంద్రాల నుంచీ గాలికి కొట్టుకుపోయినదే. డీఎన్‌ఏ టెస్ట్ చేస్తే అంతా ఒకటేనని తేలింది" అంటూ ఓ మాట ఫోన్లలో తెగ తిరుగుతోంది. విడదీసి చూద్దాం.

ముందు ఆ టెస్ట్ సంగతి. ఈస్ట్ ఏ జాతిదో తెలుసుకోవడానికి మామూలుగా చదివేది ఐటీఎస్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క. ఒకే జాతిలో అది దాదాపు అన్నిటికీ ఒకేలా ఉంటుంది. దాన్ని చూసి "అంతా ఒకటే" అనడం, ఇంటిపేరు కలిసింది కదా అని ఇద్దరినీ అన్నదమ్ముల్ని చేసేయడమే.

చుట్టరికం తేలాలంటే మైక్రోశాటిలైట్లు చూడాలి. డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాలు వరసగా మళ్లీ మళ్లీ వచ్చే చోట్లవి. సీఏఏ అనే మూడక్షరాలు ఒక ఈస్ట్‌లో 17 సార్లు, ఇంకోదాంట్లో 21 సార్లు వచ్చాయనుకోండి. ఆ ముక్కకు పీసీఆర్ అనే పద్ధతితో బోలెడు నకళ్లు తీసి కొలిస్తే పొడవులో 12 అక్షరాల తేడా కనిపిస్తుంది. అయితే ఈ ముక్కలు తరాలు గడిచేకొద్దీ పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. ఏ సంబంధమూ లేని రెండు ఈస్ట్‌లు ఒక చోట ఒకే పొడవుకు రావచ్చు. అందుకే చాలా చోట్లు కలిపి చూస్తారు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో 12 చోట్లు కొలిచి 651 స్ట్రెయిన్లను, అంటే ఒకే జాతిలోని వేర్వేరు వంశాలను, పోలిస్తే 575 వేర్వేరు రకాలు తేలాయి. ఇక "అంతా ఒకటే" ఎక్కడిది?

ఒకే చెట్టు నుంచి తీసిన కాలనీలు (ఒక్కో కణం నుంచి పెరిగిన ఈస్ట్ గుంపులు) అచ్చంగా ఒకేలా ఉండొచ్చు, నిజమే. ఈస్ట్ ఎక్కువగా మొగ్గ తొడిగి పెరుగుతుంది, పిల్ల కణానికి తల్లి డీఎన్‌ఏనే వస్తుంది. ఓక్ బెరడు మీద ఉండే, బేకరీ ఈస్ట్‌కు దగ్గరి చుట్టమైన శాకరోమైసిస్ పారడాక్సస్ అనే అడవి జాతిలో అయితే లైంగిక ప్రత్యుత్పత్తి సుమారు వెయ్యి తరాలకోసారే జరుగుతుందని అంచనా. కాబట్టి ఒక్క చెట్టు చూసి అడవి మొత్తానికి తీర్పు చెప్పకూడదు. ఈ పొరపాటు బాగా చదువుకున్నవాళ్లూ చేస్తారు.

ఇక పారిపోవడం. బేకరీ నుంచి వెళ్లినవే అయితే అడవి ఈస్ట్‌లలో తేడాలు తక్కువగా ఉండాలి. ఉన్నది తలకిందులు. 2012లో చైనాలోని హైనాన్ లాంటి పాత అడవుల్లో, వంశవృక్షంలో అన్నిటికన్నా ముందే చీలిన కొమ్మలు దొరికాయి. 2018లో 1,011 జన్యుక్రమాలు పోల్చినప్పుడూ బేకరీ ఈస్ట్ జాతి పుట్టిల్లు చైనా వైపే తేలింది. అంటే అడవిదే పాత ఇల్లు, బేకరీది తర్వాతి కాపురం. ద్రాక్షతోటల పక్కనున్న ఓక్ చెట్ల మీద వైన్ రకాలు దొరికిన మాట నిజమే. అవి వలస వచ్చినవని పట్టించిందీ ఇలాంటి డీఎన్‌ఏ పోలికలే.

గాలి సంగతి రెండు ముక్కల్లో: ఈస్ట్‌ను గాలే మోయాలని లేదు. 2012లో ఇటలీలో చూస్తే, కందిరీగలు ఈస్ట్‌ను పేగుల్లో చలికాలమంతా దాచుకుని, వసంతంలో తమ పిల్లల నోటికి అందిస్తున్నాయి.